సగం తల

గోడకంటించిన కాగితంలో పదింటికి అని ఉంది.
తొమ్మిదీ నలభైకే పోయింది.
న్డోలాలో కాగితం మాట కరెంటు వినదు.

నా చేతిలో మెషిను
నోట్లో మాటలా ఆగింది.
కుర్చీలో కపెంబ్వా,
సగం తల నున్నగా
సగం తల నిన్నటిలా.

"మళ్లీ ఎప్పుడు?"
"రాత్రి ఒంటిగంటకు.
కరీబా ఆనకట్ట నిండితే ఇంకాస్త ముందు."
ఇద్దరం గుమ్మంలోంచి ఆకాశం చూశాం.
ఉతికారేసినట్టుంది.

టోపీ పెట్టుకునే వెళ్లాడు
అప్పు అడగడానికి.
ఇచ్చేవాడు ఏమనుకుంటాడో!

ఒంటిగంటకు వీధంతా తెల్లారింది.
మొక్కజొన్న మర, వెల్డింగు రవ్వలు,
ఎవరో బడి చొక్కా ఇస్త్రీ వాసన.
కపెంబ్వా ఆవలిస్తూ వచ్చి
టోపీ తీశాడు.

"దొరికిందా?"
"సగం."

కుడి చెవి వెనక
మొదలుపెట్టాను.