రెండో పోటు

మా ఏటి పేరు ఔరా.
అయినా తుర్కులో ఎవరూ దేనికీ ఆశ్చర్యపోరు,
నవంబరులో మరీను.
మూడున్నరకే పొద్దు దుకాణం కట్టేస్తుంది.
మేం నేలమాళిగలో ఇంకో చీకటిని,
తలుపు బిగించి, సందుల్లో నల్లగుడ్డ కుక్కి,
సొంతంగా తయారుచేసుకుంటాం.

ఎలుక నిద్రపోతోంది.
ముక్కుకి మత్తుగాలి గొట్టం, పొట్టకింద వెచ్చటి పలక,
కళ్ళు ఎండకుండా నేనే రాసిన లేపనం.
పదిహేడో నంబరు.
కుడి డొక్కలో శనగగింజంత గడ్డ.

దాని నెత్తుట్లో రాకెల్ కణాలు తిరుగుతున్నాయి.
మూడేళ్ళు కూర్చుని అల్లిందా పిల్ల:
నడుమ బంగారపు నలుసు,
దానికి పొట్టి దారాలతో కట్టేసిన రంగులు.
బంగారం పక్కనున్నంతసేపూ రంగు నోరెత్తదు.
గడ్డలో ఊరే ఎంజైము వచ్చి దారం కొరికితేనే
విడివడి వెలుగుతుంది.
అడగందే అమ్మయినా పెట్టదంటారే, అలాగ.
గుండె దాటుతుంది, ఊపిరితిత్తులు దాటుతుంది,
ఉలకదు, పలకదు.

"ఒస్మో, కెమెరా," అంది రాకెల్.
సున్నాకి డెబ్బై డిగ్రీల కింద కూర్చున్న కెమెరా
మన కళ్ళకందని ఎరుపుని
నిమిషంపాటు గుక్కపెట్టి తాగి
తెరమీద కక్కింది.

కుడి డొక్కలో వెలుగు.
అనుకున్నచోట, అనుకున్నంత.
రాకెల్ ఊపిరి వదిలింది, మూడేళ్ళ ఊపిరి.

ఆ తర్వాత ఎడమ తొడ.
చిన్నదే. గోటితో గిల్లినంత.

"ఇక్కడేం లేదే," అందామె.
గడ్డ లేదు, నిజమే.
మొన్న అక్కడ నొప్పిమందు పొడిచింది నేను.
సూది జారింది. మళ్ళీ పొడిచాను.
పుస్తకంలో ఒకటనే రాశాను.
ముప్పై ఒక్కేళ్ళ చెయ్యి ఇది.
ఈమధ్య నా చేతిలో కాఫీ సాసరు
దానంతటదే మోగుతోంది.

వాచిన కండలోనూ అదే ఎంజైము ఊరుతుంది.
గడ్డేదో గాయమేదో కణానికేం తెలుసు?
దారం తెగింది, చెప్పేసింది.
గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనలేదు,
చీకట్లో నా చెయ్యి
నా భుజం మీదికి పోయింది.

"కెమెరా రొద కాబోలు, చెరిపేద్దాం," అంది రాకెల్.
రెండు క్లిక్కుల పని.
బాణంగుర్తు అప్పటికే ఆ చుక్క మీదికి వచ్చేసింది.

"చెరపకు," అన్నాను. "రెండుసార్లు పొడిచాను."

తెర వెలుతుర్లో ఆమె నా చేతులకేసి చూసింది.
"ఎన్నాళ్ళనుంచి?"
"ఎండాకాలం నుంచి."
ఫ్రీజరు గుర్రుమంటూనే ఉంది.

మత్తుగాలి కట్టేశాను.
పదిహేడు ముందు మీసాలు కదిపింది,
తర్వాత లేచి
ఎడమకాలు ఆచితూచి వేసింది.

దీపం వేసి పుస్తకం తెరిచాను.
ఒకటి కొట్టేసి రెండు రాశాను.
అంకె వంకరపోయింది.
దిద్దలేదు.