ఆరణాల కోత

ఎగ్మూరు రికార్డాఫీసులో
పెన్ను గేటు దగ్గరే తీసేసుకున్నారు.
పెన్సిలు ముక్క, మూడు చీటీలు,
పొద్దుటి నుంచీ ఒకటే కుర్చీ.

మొదటి చీటీ తిరిగొచ్చింది: "పెళుసు. ఇవ్వబడదు."
రెండోదానికి ఎవరివో ఉప్పు కొఠారు లెక్కలు.
మూడోది, మూడింటికి,
తెల్లగుడ్డలో చుట్టి రెండు చేతులతో అందించి,
"మెల్లగా సామీ, పొడైపోతాది" అన్నాడు అటెండరు.

హార్బరు పడవ కూలీల హాజరుపట్టీ.
మా ముత్తాత కాటయ్య
గుమాస్తా రాతలో కౌటియా.

గాలివాన రాత్రి పడవేసుకెళ్ళి
పదకొండు మందిని ఒడ్డుకు చేర్చాడని
బాబాయి ప్రతి పెళ్ళిలోనూ చెబుతాడు.
లెక్క ఏటేటా ఒకరిద్దరు పెరుగుతుంది.

వేలు పెట్టి చదివాను.
గాలివాన నాడు గైరుహాజరు.
ఆరణాల కోత.

ఫ్యాను ఆ దుమ్మునే తిప్పి తిప్పి కొడుతోంది.
కట్ట సగం మూసి,
మళ్ళీ తెరిచి తేదీ చూశాను.

రాయపురం గుడిసె కప్పు లేచిపోతుంటే పుట్టానని
నాయనమ్మ అనేది కదా,
"మంత్రసాని రాలేదు, మా అయ్య చేతుల్లోనే పడ్డా" అని.

పెన్సిలుతో రాసుకున్నాను:
కాటయ్య. ఆ రాత్రి, ఒక్కరిని.

ఐదింటికి లైట్లార్పేశారు.
బాబాయికి ఏం చెప్పాలో
రైలు వంతెన దిగేదాకా తేలలేదు.