పని జరిగే ఎత్తు

కిటికీల్లేని కొట్టుకు కిటికీలు పెట్టాలన్నాడు
ఏటుకూరు రోడ్డు మిర్చి షావుకారు.
ఎన్ని, ఎక్కడ, ఎంతెంత? ఆ లెక్క నాది.

ముందు తెర మీద కొట్టు కడతాను.
ఇటుక అక్కర్లేదు, మేస్త్రీకి టీ చెప్పక్కర్లేదు.
తన మీద పడ్డ వెలుగులో గోడ సగం తిరిగిస్తుంది,
కప్పు నూటికి డెబ్భై, నేల ఇరవై.
ఏ నేల అని ఎవరూ అడగరు.
పక్కనున్న కోల్డ్ స్టోరేజీ ఒక బూడిదరంగు పెట్టె.
ఎదుట వేపచెట్టును తీసేశాను,
ఆకు ఆకునా వెలుగును లెక్కగట్టేసరికి
మిషను వేడెక్కి ఆగిపోతోంది.

ఆకాశం మాత్రం ఎప్పుడూ మబ్బే.
నడినెత్తిన కాస్త తెలుపు,
అంచుల దగ్గర అందులో మూడో వంతు.
రోళ్లు పగిలే ఏప్రిల్లో, గుంటూరు నెత్తిన
నా ప్రమాణం ప్రకారం సూర్యుడే లేడు.
"ఈ ఆకాశాన్ని మనూళ్లో ఎవరైనా చూశారంటావా?"
పక్క కుర్చీలో షమీమ్ నవ్వుతుంది.

అర మీటరుకో చుక్క,
నేలకు ముప్పావు మీటరు పైన, గాలిలో చుక్కల దుప్పటి.
ఆ ఎత్తుకు పని తలమని పేరు.
బయటి వెలుగులో నూటికి మూడు పాళ్లు
అక్కడ వాలితే గట్టెక్కినట్టు.
రాత్రంతా ఫ్యాను రొద పెట్టింది.
తెల్లారి చూస్తే కిటికీల దగ్గర పసుపు, నడుమ ఆకుపచ్చ,
మూలల్లో మాత్రం కొంచెం నీలం.
షావుకారుకు రంగు ప్రింటు తీశాను.

ఆ ప్రింటు చంకలో పెట్టుకుని కొట్టుకు వెళ్లాను,
తుమ్ముతూ, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని.
నడుము ఎత్తున లక్స్ మీటరు పట్టుకుని నిలబడ్డాను.

ముప్పై మంది ఆడవాళ్లు
గోనెపట్టాల మీద బాసింపట్టు వేసుకుని
తొడిమలు తుంచుతున్నారు.
ఒక్క బల్ల లేదు. ఒక్క కుర్చీ లేదు.

"అమ్మాయ్, పని ఇక్కడ జరుగుతుంటే
అక్కడ గాల్లో ఏం కొలుస్తన్నావు?"
తలెత్తకుండానే అడిగింది రాహేలు.

గొంతుక్కూర్చున్నాను. మీటరు దించాను.
అంకె దిగింది, దిగింది,
కాయల దాకా వచ్చేసరికి మూడోవంతు మిగిల్లేదు.

రాహేలు ఒళ్లో రెండు కుప్పలు:
ఒకటి ఎరుపు, ఒకటి తాలు.
ఆ పాలిపోయిన కాయ ఒక్కటి మంచి బస్తాలో పడ్డా
సాయంత్రం కూలిలో కోత.
"ఎండలో పోస్తే అన్నీ మెరుస్తయ్యి, తాలు దొరకదు.
చీకట్లో అన్నీ నలుపే.
మబ్బు పట్టిన పూట చూడు,
దానంతటదే చేతికొస్తది."

షమీమ్‌కు ఫోను చేశాను.
మన ఆకాశాన్ని చూసినావిడ ఒకరున్నారని చెప్పాను.
ముప్పై ఏళ్లుగా దానికోసం ఎదురుచూస్తోందని కూడా.

చుక్కల దుప్పటిని నేలకు జానెడెత్తుకు దించాను.
కొట్టంతా నీలం.
కిటికీలు కిందికి జరపబోతే షావుకారు ఒప్పుకోలేదు,
గోడ పొడుగునా బస్తాలుంటాయట.
సరే, కప్పులో ఉత్తరం వైపు ఆరు చీలికలు పెట్టాను.
ఆయన ఖరీదు చూశాడు.
"దీనివల్ల రోజుకు ఎన్ని బస్తాలు ఎక్కువ తెములుతాయి?"
ఆ గడి నా దగ్గర లేదు.

ఇంకొక గడీ లేదు.
మధ్యాహ్నం తలుపు తీసినప్పుడు
వాకిట ఆరబోసిన కాయల మీద ఎండ పడి,
అక్కణ్ణించి లేచి, సిమెంటు రేకు లోపలి వైపు
అరగంటసేపు గులాబీరంగు అంటుకుంది.
కింది నుంచి రాహేలు గడ్డం వెలిగింది.
నేల ఇరవై అని రాసుకున్నాను గదా,
ముప్పై అని కొట్టాను, చెరిపేశాను.

ఆరు చీలికలు నాలుగయ్యాయి.
నాలుగింటికి మళ్లీ లెక్క వేస్తున్నాను.
రాహేలు కూర్చునే చోటు నలభై ఒకటో చుక్క,
అక్కడ ఇంకా రెండు దాటలేదు.
ఫ్యాను రొద పెడుతూనే ఉంది.