రెండో గుడ్డు

గంగడోలు బెగ్గురు రెండు గుడ్లు పెడుతుంది.
మొదటిది పగిలి, తడి పిల్ల లేచి నిలబడగానే
రెండోదాన్ని చల్లారనిచ్చి
జంట రెండూ గడ్డిలోకి నడిచి వెళ్లిపోతాయి.
అయ్యో అనకు, అంది హెస్టర్.
ఒక్క పిల్లను కాచుకోవడానికే వాటికి నాలుగు కళ్లు చాలవు.

జూలై. డ్రాకెన్స్‌బర్గ్ కొండల మీద మంచు.
చిత్తడిలో తొడలదాకా నీళ్లు,
నీళ్ల మీద గాజుపెంకులాంటి పొర.
భేకుముజి ముందు నడుస్తూ కర్రతో పగలగొట్టాడు.
గూటిలో అదొక్కటే, మట్టిరంగు మచ్చలతో,
ఇంకా గోరువెచ్చగా.
చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నాను.
జీపు ఇంకో మలుపు ఉందనగా
లోపలినుంచి ఒకసారి తట్టింది.
తప్పు ఇంటి తలుపు తట్టావమ్మా అనబోయి
నాలుక కరుచుకున్నాను.
గుడ్డు కూడా వింటుందట.

అప్పటినుంచి మాట లేదు. దగ్గు లేదు.
మడమలదాకా తెల్ల ముసుగు, ముఖానికి దోమతెర.
కుడిచేతికి తొడుక్కునే బెగ్గురు తల:
అచ్చు పోసి, ఎర్రటి బొడిపెలు దిద్ది,
గొంతు కింద వేలాడే తెల్ల తోలు ముక్కలు
హెస్టర్ తన పాత చేతిసంచి చింపి కుట్టింది.

ఆ ముక్కుతో పురుగుని పట్టి అందించాను.
పిల్ల ముక్కుని చూసింది, పురుగుని చూసింది.
చెయ్యి ఎక్కడ మొదలవుతుందో చూడలేదు.

కాళ్లు వంకరపోకుండా రోజూ నడక.
వేళ్లు ముడుచుకుంటే అగ్గిపుల్ల ఆనించి టేపు.
బురదలో ముక్కు గుచ్చి తుంగగడ్డ తవ్వడం
నాకూ రాదు. నేర్చుకుంటూ నేర్పాను.
ఇంట్లో, రాత్రి, మొక్కజొన్న గంజి ముందు
వేళ్లు వంచి కంచం అంచును టక టక కొడుతుంటే
మా చెల్లెలి కూతురు లిందోకుహ్లే పడీ పడీ నవ్వేది.
పెద్దమ్మా, అది నీ కంచమే. నువ్వే తినాలి.

నూరో రోజున భయం పాఠం.
హెస్టర్ చీటీలు వేసింది.
భేకుముజికి ముసుగు వచ్చింది.
నాకు నా మొహం వచ్చింది.

నీలం స్వెట్టరు, రబ్బరు బూట్లు,
చేతుల్లో రెండు రేకు పళ్లాలు.
కంచె దూకి, పళ్లాలు వాయిస్తూ,
నూరు రోజులుగా గొంతులో పులిసిపోయినదంతా ఒక్కసారే
హాంబా! పో! హాంబా!
నా గొంతు అది వినడం అదే మొదలు.
తల పక్కకు తిప్పి
ఒక్క కంటితో నన్ను చూసింది.
తర్వాత రెక్కలు అడ్డదిడ్డంగా విప్పి
పడుతూ లేస్తూ పరుగెత్తి
భేకుముజి తొడుక్కున్న తెల్లగుడ్డ మడతల్లో దూరింది.
ఆ గుడ్డ నిన్నటిదాకా నాది.
చంకల్లో నా చెమట మరక అలాగే ఉంది.

బాగా చేశావు, అంది హెస్టర్, పుస్తకంలో రాసుకుంటూ.
పళ్లాలు కడిగాను.
మధ్యాహ్నం వాటిలోనే తిన్నాం.

జనవరిలో, వాన వెలిసిన పూట, వదిలాం.
మొదటి రోజు మందకు దూరంగా నిలబడింది.
రెండో రోజూ అంతే.
అయిదో రోజు ఒక ముసలి బెగ్గురు వచ్చి పొడిచింది.
పొడిచిందంటే పలకరించినట్టే, అన్నాడు భేకుముజి.
అతనికి ఆరుగురు అక్కలు.

మొన్న, ఏడాది దాటాక,
డెయిరీ వెనక, కోసిన మొక్కజొన్న మోళ్ల మధ్య
పదకొండు కనిపించాయి.
ఒకదాని కాలికి ఎరుపు మీద పసుపు కడియం.
బండి ఆపి దిగాను.
తలుపు చప్పుడుకి
అన్నిటికన్నా ముందు లేచింది అదే.

ఎదురుగా కరెంటు తీగలు.
వాటిని దాటేదాకా నేను ఊపిరి తియ్యలేదు.
దాటింది. చాలా పైనుంచి దాటింది.
పళ్లాల మోత ఇంకా దాని చెవుల్లో ఉందన్నమాట.
ఉండనీ.

నా కుడిచెయ్యి మాత్రం, స్వెట్టరు జేబులో,
ముక్కులా ముడుచుకుని ఉంది,
దేన్నో పట్టుకుని అందించబోతున్నట్టు.