గల్లాపెట్టె

మా మందుల షాపులో రెండు పెట్టెలున్నాయి.
ఒకటి అరచేతంత. దానికి నోరుంది.
ఎవరు ఫోను చూపించినా
ఎంత పడిందో తమిళంలో
సందు సందంతా వినేట్టు చాటుతుంది.
రెండోది ఓనరు మునిరత్నం గారి తాత చేయించిన
టేకు గల్లాపెట్టె.
లాగితే కిర్రుమంటుంది, అంతే.
ఏం మింగిందో ఎవరికీ చెప్పదు.

పాత చాకలిపేట. స్టాన్లీ ఆసుపత్రికి రెండు సందులవతల,
రాత్రి పదినుంచి తెల్లారి ఆరుదాకా నాది డ్యూటీ.
కాశిమేడు నుంచి వచ్చే నోటుకి
చేప పొలుసు అంటుకుని ఉంటుంది.
దేశమ్మ పది కాగితం మరువం వాసనేస్తుంది.
ఆసుపత్రి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేవాళ్ళ నోట్లు
తడిగా, వేడిగా ఉంటాయి,
జేబులోంచి కాదు, గుప్పిట్లోంచి వస్తాయి గనక.

పోయిన ఆడి నెలలో, వాన పడుతున్న రాత్రి,
ఒకామె కౌంటరు మీద చిల్లర పోసింది.
అన్నీ రెండ్రూపాయల బిళ్ళలే.
ఏం కావాలో నోటితో అనలేదు.
కడుపు పరీక్ష అట్టపెట్టెల వేపు వేలు చూపించింది.
లెక్కపెడితే అయిదు తగ్గింది.
"ఫోన్లో వెయ్యమ్మా" అన్నాను, అలవాటుగా.
"వద్దన్నా. నేనేం కొన్నా ఆయన ఫోను మోగుద్ది."
అయిదు వదిలేశాను.
పాత పేపర్లో చుట్టి ఇచ్చాను.
పేరడగలేదు.

అదే వారం
(లేక నా బుర్రే ఆ రెండు రాత్రుల్నీ
పక్కపక్కన పెట్టుకుందో)
ఓ కుర్రాడొచ్చాడు. హెల్మెట్ తియ్యలేదు.
నొప్పి బిళ్ళలు కావాలన్నాడు. నలిగిన చీటీ.
నాలుగు అయిదొందల కాగితాలు, కొత్తవి,
ఒకదానికొకటి అతుక్కుంటే
వేలు తడిచేసుకుని లెక్కపెట్టాను.
నోట్లని చూసినంత శ్రద్ధగా చీటీని చూడలేదు.
పేరూ అడగలేదు.

మూడో రోజు వ్యాసర్పాడి వంతెన కింద
డిల్లిబాబు. పందొమ్మిదేళ్ళు.
పక్కన సూది, జేబులో మా షాపు కవరు.
హెల్మెట్ వాడు కాదు వాడు.
వాడి దగ్గర కొన్నవాడు.

ఎస్సై ఇన్బరాజన్ గల్లాపెట్టె లాగాడు.
కిర్రుమంది.
"కొన్నోడి పేరు?"
తెలీదు సార్.
"నంబరు?"
నోటిచ్చాడు సార్.
ఒక్కో కాగితం తిరగేసి చూశాడు.
పొలుసు. మరువం. ఎవరిదో పసుపు వేలిముద్ర.
"ఇందుకే అనేది" అన్నాడు,
"నోటుకి హద్దు కట్టాలని."
బయట మెట్టు మీద డిల్లిబాబు అమ్మ
నా దగ్గర లేని పేరు కోసం కూర్చుంది.

ఇప్పుడు టీవీలో వాదించుకుంటున్నారు.
నగదుకి కళ్ళెం వేస్తే దొంగ దొరుకుతాడని ఒకరు,
మనిషన్నాక గుట్టుండాలని ఇంకొకరు.
ఇద్దరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి.
గోనెల్లో పోయే డబ్బుని ఆపండి, అడ్డురాను.
కానీ లక్ష దగ్గర గీసిన గీతకి కాళ్ళొస్తాయని నా భయం.
రేపు వెయ్యి దగ్గర నిలబడుతుంది,
ఎల్లుండి ఆ రెండ్రూపాయల బిళ్ళల దగ్గర.
అయినా ఆ కుర్రాడిచ్చినవి నాలుగే కాగితాలు.
ఏ గీతకి తగిలేవి అవి?
అనుకుంటాను గానీ,
మెట్టు మీద కూర్చున్నావిడతో ఈ మాట అనలేను.

ఓనరు బోర్డు రాయమన్నాడు:
"ఫోను చెల్లింపులు మాత్రమే."
తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాశాను.
పన్నెండు దాటాక దాన్ని గోడవైపు తిప్పుతాను.
చీటీలు మాత్రం ఇప్పుడు
లైటు కింద పెట్టి రెండుసార్లు చదువుతాను.
ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

నిన్న రాత్రి ఎనిమిదేళ్ళ పిల్ల
కౌంటరు మీదకి ఎగిరి బిళ్ళ పెట్టింది.
"బాకీ అంట. అత్త ఇమ్మంది."
ఏ అత్త అనేలోపే సందు మలుపు తిరిగింది.

అయిదు రూపాయలు.
గల్లాలో వెయ్యబోయి ఆగాను.
మెట్టు మీంచి డిల్లిబాబు అమ్మ తలెత్తి చూస్తోంది.
ఇదెవరిచ్చారని అడుగుతుందేమోనని
గుప్పిట మూశాను.