చెక్కుబందీ

నెలనెలా రెండో శనివారం, ఏడున్నర దాటాక
పట్టాభిపురంలో ఇందుమతి గారి డాబా మీద కలుస్తాం.
ఆవిడ మత్తు డాక్టరు.
"పగలంతా నిద్రపుచ్చే ఉద్యోగం,
ఈ ఒక్క పూటా మేలుకొలుపు" అంటూ
తలా ముప్పై మిల్లీ కొలిచి పోస్తుంది.
నీళ్ళు సిరంజితో. ఒక చుక్క. ఆగి, ఇంకో చుక్క.

శౌరయ్య పొగాకు బేళ్ళకి గ్రేడులు కట్టి రిటైరైనవాడు,
మూత తీసిన చప్పుడుకే కళ్ళు మూసుకుంటాడు.
నేను రిజిస్ట్రారాఫీసు ఎదుట దస్తావేజు లేఖరిని.
వాసనల పద్దు నా చేతిలో ఉంటుంది,
నాకొచ్చిన రాత ఒకటే గనక అలాగే రాస్తాను:

సదరు విస్కీకి చెక్కుబందీ.
తూర్పు: బ్యారన్‌లో ఆఖరి రాత్రి ఆకు.
దక్షిణం: తడిసిన గోనెసంచి, దాన్నానుకుని బెల్లం పాకం.
పడమర: మందుల షాపులో అయోడిన్ సీసా పగిలిన రోజు.
ఉత్తరం: ఎవరిదో తేలలేదు, తగాదాలో ఉన్నది.
ఈ మధ్య గల గుక్కెడు
సకల హక్కులతో సహా మాది.

నాలుగోవాడు ముక్కంటి.
మిర్చి యార్డులో ముప్పయ్యేళ్ళ కమీషను వ్యాపారం.
బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి
అడుగు కాయ పైకి తీసి, ఒక్కసారి పీల్చి
ఇది తేజ,
ఇది నిరుడంతా కోల్డ్ స్టోరేజీలో పడుకుంది,
దీనికి రాత్రి నీళ్ళు చల్లారు, అనేవాడు.
తెచ్చినవాళ్ళు నేల చూపులు చూసేవాళ్ళు.
జ్వరాల ఏడాది అతనికి వాసన పోయింది.
ముక్కంటికి ముక్కు పోయిందని యార్డంతా నవ్వింది,
మొదట నవ్వింది తనే.
తర్వాత జీతమిచ్చి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాడు
తన బదులు పీల్చడానికి.

అయినా ఒక్క శనివారం మానడు.
చేగోడీల పొట్లం విప్పుతాడు,
గ్లాసు తిప్పుతాడు, ముక్కు ఆనిస్తాడు,
అందరిలాగే కాసేపు ఆగుతాడు.
ఆ ఆగడాన్ని మేం చూడలేం.
అందుకే వాగుతాం, అతనికి వినపడేలా.
"వాన వెలిసిన మర్నాడు మీ షెడ్డే బావా" అంటాడు శౌరయ్య.
"పుస్తకానికి కొత్తగా వేసిన అట్ట" అంటుంది డాక్టరు.
ముక్కంటి తలూపుతాడు
అప్పు రాయించుకుంటున్నవాడిలా.

మొన్న ఫిబ్రవరి, ఊరంతా దగ్గే రోజులు.
శౌరయ్య అయిపోయిన స్కాట్లాండు సీసాలో
సందు చివరి దుకాణం సరుకు నింపుకొచ్చాడు,
మాకు చెప్పలేదు.
డాక్టరు ఎండుద్రాక్ష అంది, ఓడ తాడు అంది.
నేను హద్దులన్నీ రాసేశాను,
పడమట సముద్రాన్ని కూడా పెట్టాను,
ఎన్నడూ లేనిది ఉత్తరం కూడా తేల్చేశాను.

ముక్కంటి గుక్క మింగి
గొంతు మీద వేలు పెట్టి చూపించాడు.
"ఇక్కడ కాలిందిరా ఇది.
పోయిన నెల ఇక్కడ"
వేలు మెల్లగా ఛాతీ మీదికి జారింది
"ఇక్కడ, చాలాసేపు.
సరుకు మారింది. ఎవరు మార్చారు?
కాయైనా సారాయైనా మంట దగ్గర మోసం నడవదు."

శౌరయ్య మొహం చూడాలి అప్పుడు!
పక్కింట్లో లైటు వెలిగిందాకా నవ్వాం.
ఇందుమతి గారు సిరంజి పడేసుకుంది.
నేను పద్దులో సవరణ రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాను:
కొట్టివేతలు నాలుగు, దిద్దుబాటు ఒకటి.
ఉత్తరం: ముక్కంటి గారి ఛాతీ.

మెట్లు దిగి స్కూటర్ల దగ్గర నించున్నాం.
యార్డు వైపు నించి గాలి తిరిగింది,
ముగ్గురం ఒకేసారి తుమ్మాం.
"తేజ" అన్నాను, ఏదో ఒకటి అనాలని.
ముక్కంటి తుమ్మలేదు,
తువ్వాలుతో రెప్పలు ఒత్తుకుంటూ
"కళ్ళు మండుతున్నాయి" అన్నాడు,
"కొత్త కాయ దిగింది."