సున్నం, నలభై సెంట్లు

ఆ ఏడు జట్టు జమాఖర్చుల పుస్తకం నా చేతికిచ్చారు,
స్కోగ్‌డాల్ కాలేజీలో కూడికలు తప్పనిది నాకొక్కదానికేనని.
యాభై ముగ్గురం విద్యార్థులం. మగపిల్లలు ముప్పై ఒక్కరు.
అందులో కళ్లజోడు లేనివాళ్లు, తల్లి ఒప్పుకున్నవాళ్లు
ఎన్నిసార్లు లెక్కపెట్టినా పన్నెండు మందే.
ఆడేది పదకొండు మంది.
మిగిలినవాడు లూడ్విగ్ స్టెన్స్‌రుడ్.
ఎముకల గూడు, పైగా నత్తి.
ఆ ఒక్క మిగులునే ధీమా అనుకున్నాం.

ఫుట్‌బాల్ అంటారు గానీ కాలికి తగిలేది తక్కువ.
గుమ్మడికాయకీ దోసకాయకీ పుట్టినట్టుండే బంతి,
దాన్ని పొట్టకి అదుముకుని తల వంచి దూరడమే,
పదిమంది మీద పడేదాకా.
కోచ్ మా లాటిన్ మాస్టారు టోలెఫ్సన్.
ఆట గురించి ఆయన చదివింది ఒక్క పుస్తకం,
దానికి చివరి పేజీలు లేవు.
అందుకే మాకు మొదలుపెట్టడం బాగా వచ్చేది.

1910 సెప్టెంబరు.
తోలు బంతి ఒకటి, రెండు డాలర్ల డెబ్భై ఐదు సెంట్లు.
అయోడిన్ రెండు సీసాలు.
మోచేతులకి కుట్టడానికి పాత జీను తోలు, ఊరికే ఇచ్చారు.
మైదానం గీతలకి సున్నం, నలభై సెంట్లు.

మొదటి ఆట జరగలేదు, గోధుమ నూర్పిళ్లు తెమల్లేదు.
రెండోది నలభై ఒకటి, మాకు సున్నా.
మూడోదానికి గూడ్సు బండిలో, పశువుల పెట్టె పక్కన
తొంభై మైళ్లు వెళ్లి ఓడొచ్చాం.
రైలు ఛార్జీ మిగిలిందని ఎర్ర సిరాతో రాసుకున్నాను.
నాలుగోదాంట్లో అస్బ్యోర్న్ వీక్‌కి మెడకింద ఎముక విరిగింది.
సిగ్వార్డ్ మోయెన్‌కి నాన్న నుంచి ఉత్తరం:
"దుంపలు నేలలోనే ఉన్నాయి. దేవుడు చూస్తున్నాడు. రా."
వెళ్లాడు.
పన్నెండులోంచి రెండు తీసేస్తే ఎంతో
నన్నెవరూ అడగలేదు.

చివరి ఆట నవంబరులో, మా మైదానంలోనే.
తెల్లారేసరికి మంచు చీలమండల దాకా.
మావాళ్లు పదిమంది వరసలో నిలబడ్డారు,
పన్ను ఊడిన నోరులా, మధ్యలో ఖాళీతో.
అవతలి కెప్టెన్ మావాళ్లని ఒకసారి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.
తనవాళ్లలో ఒకడి భుజం తట్టి
"నువ్వు కూర్చో" అన్నాడు. అంతే.
అతని పేరు పుస్తకంలో ఉండాల్సింది.
ఏ పద్దు కింద రాయాలో తోచలేదు.

చీకటి పడబోతుండగా బంతి ఎలాగో
లూడ్విగ్ చేతుల్లోకి వచ్చింది.
ఎవరూ ఇవ్వలేదు, అతనే ఆశ్చర్యపోయాడు.
పరిగెత్తాడు. జారాడు. మీద నలుగురు.
లేచి చూస్తే అంతా తెలుపే.
గీత దాటాడా? గీత ఏది?

రిఫరీ ఊరి పళ్ల డాక్టరు, యేర్డే.
మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మంచు తుడిచాడు.
మంచు కింద తెల్లటిదే ఏదో.
రెండు జట్లూ చుట్టూ వంగి, ఆవిర్లు కక్కుతూ.
ఆయన వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.
మొహం చిట్లించాడు.
"సున్నం!" అని అరిచాడు.

అప్పట్లో టచ్‌డౌన్‌కి ఐదే పాయింట్లు.
తర్వాతి కిక్ గుర్రాలు కట్టేసిన వైపు పోయింది.
ఇరవై మూడు, ఐదు. ఓడిపోయాం.
లూడ్విగ్ ఆ సాయంత్రం ఒక వాక్యం
ఎక్కడా ఆగకుండా చెప్పాడు,
ఏం చెప్పాడో గోలలో వినపడలేదు.

వసంతంలో చర్చి పెద్దలు జట్టు వద్దన్నారు.
బంతిని కోసి ఎవరి బూట్లకో అతుకులేశారు.
పుస్తకం మూసి ఇచ్చెయ్యమన్నారు, ఇవ్వలేదు.
ఇప్పటికీ తీస్తే చివరి పేజీలో నా పాత చేతిరాత:
పాలు, ఒక గ్లాసు,
రిఫరీ నాలుకకి. నాలుగు సెంట్లు.